కళ్ళు పోతాయన్న భయం లేకపోతే పిల్లకు నీతి ఎలా వస్తుంది?

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేసి విరమించాను. సొంత ఊరు తెనాలి. మా వారు పోయాక హైదరాబాదులో కొడుకు, కోడలి దగ్గర ఉంటున్నాను. ఇద్దరూ నన్ను బాగా చూసుకుంటారు. కానీ వాళ్ళకు దేవుడి మీద నమ్మకం లేదు. ఇంట్లో దేవుడి గూడు లేదు, పండగకు పిండివంటలే తప్ప పూజ లేదు. మొన్న మా ఏడేళ్ళ మనవరాలు బడిలో పక్కపిల్ల పెన్సిళ్ళ డబ్బా ఇంటికి తెచ్చి, అడిగితే తనదేనని చెప్పింది. నేను "అబద్ధమాడితే దేవుడు చూస్తాడు, కళ్ళు పోతాయి" అన్నాను. ఆ రాత్రి పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. లేనిపోని భయాలు పెట్టవద్దని మా అబ్బాయి నా మీద కోప్పడ్డాడు. దేవుడి భయం లేకపోతే దానికి మంచీ చెడూ ఎలా తెలుస్తాయిరా అంటే జవాబు చెప్పలేదు. పైగా వచ్చే నెల వాళ్ళ నాన్నగారి ఆబ్దికం. నమ్మకం లేకుండా కూర్చుని మంత్రాలు పలకడం అబద్ధమాడినట్టే అవుతుందంటున్నాడు. మతం లేని ఇంట్లో నీతి నిలుస్తుందా? నేను చేసింది తప్పా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరాన్ని రెండు మూడుసార్లు చదివాను. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ ఉత్తరంలోనే ఉన్నది. మీ అబ్బాయికి దేవుడి భయం లేదు. తండ్రి ఆబ్దికం రోజున పీట మీద కూర్చుని, పురోహితుడు చెప్పిన మాటలు తిరిగి పలికి లేస్తే అతన్ని అడిగేవారు ఎవరూ లేరు. మీరు సంతోషిస్తారు, బంధువులు మెచ్చుకుంటారు, ఇంట్లో గొడవ ఉండదు. ఇంత సులువైన దారి ముందు ఉండగా అతను ఆగిపోయింది అది అబద్ధమవుతుందన్న ఒక్క కారణంతోనే. పైన ఎవరో చూస్తున్నారన్న ఆలోచన లేకపోయినా అబద్ధమంటే వెనుకాడే గుణం అతనికి ఎక్కడి నుంచి వచ్చిందని మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి. అందులో మీ చేతి చలవే ఎక్కువని నాకు అనిపిస్తున్నది.

నేను నాస్తికుణ్ణి కాను. రోజూ దీపం పెట్టేవాణ్ణే. కాబట్టి మీ బాధను బయటివాడిగా చూసి ఈ మాటలు రాయడం లేదు.

నా చిన్నతనంలో మా ఇంట్లో తిరుపతి వెంకన్నకు ముడుపు కట్టి, పసుపు గుడ్డలో చిల్లర వేసి, దేవుడి పటం వెనుక పెట్టేవారు. ఎనిమిదేళ్ళప్పుడు నేను అందులోంచి ఒక పావలా తీసి వేరుశనగ పట్టీలు కొనుక్కుని తిన్నాను. దేవుడి సొమ్ము తింటే కళ్ళు పోతాయని మా నాయనమ్మ ఎన్నోసార్లు చెప్పి ఉన్నది కనుక, ఆ రాత్రంతా కళ్ళు మూసుకోవడానికి భయపడ్డాను. మూస్తే మళ్ళీ తెరుచుకోవని నా నమ్మకం. తెల్లవారింది, కళ్ళు కనబడుతున్నాయి. మర్నాడూ కనబడ్డాయి. వారం గడిచేసరికి నాలో మిగిలింది భక్తీ కాదు, పశ్చాత్తాపమూ కాదు. ఏమీ కాదన్న ధైర్యం మిగిలింది. ఆ ధైర్యంతోనే ఇంకో పావలా తీశాను. ఈసారి ముడుపు తగ్గిన సంగతి ఇంట్లో తెలిసి, అంట్లు తోమడానికి వచ్చే ఆవిడ కూతురి మీద అనుమానపడ్డారు. నా ఈడు పిల్ల. మా గుమ్మం దగ్గర నిలబడి, ఏం జరిగిందో తెలియక, వాళ్ళమ్మ కొంగు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నేను నిజం చెప్పేశాను. దెబ్బలు తిన్నాను, ఆ దెబ్బలు ఇప్పుడు గుర్తు లేవు. ఆ పిల్ల ముఖం మాత్రం అరవై ఏళ్ళ తరువాత కూడా గుర్తున్నది.

మీరు పిల్లతో అన్న మాటలో నాకు తప్పుగా తోచినది ఏమిటో చెప్పడానికే ఈ సంగతి రాశాను. దొంగతనం తప్పని మీరు చెప్పడం ముమ్మాటికీ సరైనదే. దానికి మీరిచ్చిన కారణం సరైనది కాదు. "కళ్ళు పోతాయి" అన్నప్పుడు పిల్ల ఆలోచన తన కళ్ళ చుట్టూ తిరుగుతుంది, డబ్బా పోగొట్టుకున్న పిల్ల చుట్టూ తిరగదు. మర్నాడు బడిలో ఆ పిల్ల దేనితో రాసుకుంటుంది, ఇంట్లో వాళ్ళమ్మకు ఏమని చెప్పుకుంటుంది అన్న ఊహ మీ మనవరాలికి రావాలి. భయం ఆ ఊహకు చోటు మిగల్చదు. పైగా కళ్ళు పోలేదని పిల్ల ఎప్పుడో ఒకప్పుడు కనిపెడుతుంది. ఆ రోజున మీ మాట మీద నమ్మకంతో పాటు మీరు నేర్పిన నీతి మీద నమ్మకం కూడా సడలే ప్రమాదమున్నది.

దేవుడి పేరు చెప్పకపోతే పిల్లలకు తప్పొప్పులు తెలియవన్నది పెద్దవాళ్ళమైన మన భయమే తప్ప పిల్లల తీరు అది కాదు. అమెరికాలో లారీ నూచీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో గట్టి మతనిష్ఠ గల క్రైస్తవ, యూదు కుటుంబాల పిల్లలను కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాడు. ఫలానా రోజున పని చేయకూడదన్న నియమాన్ని దేవుడు పెట్టి ఉండకపోతే ఆ రోజు పని చేయవచ్చా అని అడిగితే చేయవచ్చన్నారు. దేవుడే దొంగతనం చేయమని చెప్పి ఉంటే అది మంచి పని అవుతుందా అంటే మాత్రం చాలామంది కాదన్నారు. దేవుణ్ణి గాఢంగా నమ్మే ఇళ్ళలో పెరిగిన పిల్లలే ఆచారాన్నీ నీతినీ విడదీసి చూడగలిగారు. ఎదుటివారికి నొప్పి కలుగుతుంది కాబట్టి అది తప్పన్న సంగతి వాళ్ళకు విడిగానే తెలుసు.

మన సంప్రదాయానికి కూడా ఇది కొత్త మాట కాదు. మహాప్రస్థానంలో ధర్మరాజు కథ మీరు తరగతిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! తమ్ముళ్ళూ ద్రౌపదీ దారిలో పడిపోయాక వెంట మిగిలినది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నాడు, కుక్కను వదిలి రమ్మన్నాడు. చెప్పినవాడు దేవతల రాజు, ఇవ్వజూపినది స్వర్గం. అయినా తనను నమ్మి వెంట వచ్చిన ప్రాణిని విడిచి రానని ధర్మరాజు అక్కడే నిలబడ్డాడు. దేవుడి మాటే ధర్మమైతే, దేవుడికి ఎదురు చెప్పినవాడిని ఆ కథ ఎందుకు మెచ్చుకుంటున్నది? అది ధర్మదేవత పెట్టిన పరీక్ష అని చివరికి తేలుతుంది కదా అని మీరు అనవచ్చు. ఆ సంగతి తెలియకముందే ధర్మరాజు కాదన్నాడని మరువకండి. తిక్కనగారి "ఒరులేయవి యొనరించిన" పద్యం మీకు నోటికి వచ్చే ఉంటుంది. ఇతరులు ఏది చేస్తే మన మనసుకు అప్రియమవుతుందో దాన్ని ఇతరులకు చేయకుండా ఉండడమే ధర్మమార్గాలన్నిటికీ పరమగతి అన్నారాయన. ధర్మాన్ని కొలవడానికి అక్కడ పెట్టిన కొలత మన మనసు. అంతదాకా ఎందుకు, వేదాన్ని ప్రాణంగా భావించిన మీమాంసకుల్లో కుమారిలభట్టు సృష్టికర్త అయిన ఈశ్వరుడున్నాడన్న వాదాన్నే ఒప్పుకోలేదు. ధర్మం నిలబడడానికి ఆయనకు ఆ అవసరం కనబడలేదు.

మతం వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. మతంలో ఏది ధర్మమో తేల్చుకోవడానికి సైతం ముందుగా మనలో ఒక ధర్మబుద్ధి ఉండవలసి వస్తుందని చెబుతున్నాను. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన పరాశర స్మృతిని ఆధారంగా చూపారు, ఎదిరించినవారు కూడా శాస్త్రాలే చూపారు. ఆయన దైవభక్తుడు, ఎదిరించినవారూ దైవభక్తులే. ఊహ తెలియని వయసులో భర్త పోయి, తల గొరిగించుకుని, చీకటి గదిలో బతుకు వెళ్ళదీసే పిల్లలను చూసి తట్టుకోలేని మనసు ఆయనకు ముందు నుంచీ ఉన్నది. ఆ మనసుతో చదివినందువల్లే ఆ శ్లోకం ఆయన కంటికి ఆనిందని నా నమ్మకం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. దేవుడు లేని ఇంట్లో నీతి నిలుస్తుందా అన్నారు. మీ తెనాలికి దగ్గరలోనే, బెజవాడలో, దీనికి ఒక ఉదాహరణ ఉన్నది. గోరాగా పేరుబడ్డ గోపరాజు రామచంద్రరావుగారు వృక్షశాస్త్రం బోధించిన అధ్యాపకుడు. నాస్తికత్వం వల్ల ఉద్యోగాలు పోయాయి. భార్య సరస్వతిగారితో కలిసి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకు తరలించారు. అస్పృశ్యత పోవాలని వాడవాడా తిరిగి, అన్ని కులాలవారినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టి పున్నమి రాత్రుల్లో సహపంక్తి భోజనాలు పెట్టించిన మనిషి ఆయన. గాంధీగారిని కలవాలని 1941లో ఉత్తరం రాస్తే, నాస్తికత అంటే ఆత్మను నిరాకరించడమేననీ, మీకు కలిగిన విజయం చుట్టుపక్కల ప్రజల మధ్య చిత్తశుద్ధితో చేసిన పని వల్ల వచ్చిందే తప్ప నాస్తికత వల్ల కాదనీ, మాటలకు తనకు తీరిక లేదనీ గాంధీగారు జవాబిచ్చారు. మీరు ఇప్పుడు మీ అబ్బాయి గురించి అనుకుంటున్నది ఇంచుమించు అదే.

తరువాత 1944 చివరలో ఇద్దరూ సేవాగ్రామంలో కలుసుకున్నారు. 1943 నాటి బెంగాల్ కరువులో కలకత్తా వీధుల్లో, మిఠాయి దుకాణాల పక్కనే, ఆకలితో మనుషులు పడి చనిపోవడం గోరాగారు చూశారు. ఇదంతా విధి అని, కర్మ అని సర్దుకుపోయే నమ్మకమే వాళ్ళను అలా చావనిచ్చిందని, ఆ నమ్మకం పోతే తప్ప మనిషి తన బాధ్యత తాను తీసుకోడని ఆయన వాదం. ఆ వాదనతో మీరు ఏకీభవించనక్కరలేదు, నేనూ పూర్తిగా ఏకీభవించను. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టమని చెప్పినది కూడా మతమే కదా అని నాకు అనిపిస్తుంది. కానీ ఆ మనిషిని దేవుడి నుంచి దూరం చేసినది విచ్చలవిడితనం కాదని, ఎదుటివాడి ఆకలిని చూసి పుట్టిన బాధ అని గాంధీగారు గుర్తించారు. తన ఆస్తికత సరైనదని గానీ, గోరా నాస్తికత తప్పని గానీ తాను చెప్పలేనని, ఇద్దరమూ సత్యాన్ని వెతికేవాళ్ళమేనని ఆ తరువాత ఆయనే అన్నారు. గోరాగారు పెద్ద కూతురికి అస్పృశ్యులుగా చూడబడే కులంలో పుట్టిన యువకునితో పెళ్ళి తలపెడితే, దాన్ని సేవాగ్రామంలో తానే జరిపిస్తానన్నారు. పెళ్ళి తంతులో దేవుడి పేరున అనే చోట సత్యం పేరున అనడానికి కూడా ఒప్పుకున్నారు. ఆ పెళ్ళి నాటికి గాంధీగారు లేరు. 1948 జనవరి 30న ఆయన హత్య జరిగింది, మార్చిలో అనుకున్న ప్రకారం సేవాగ్రామంలోనే పెళ్ళి జరిగింది.

రామనామం విడవని ఒక వృద్ధుడు, దేవుడు లేడని చెప్పే మనిషి ఇంటి పెళ్ళి కోసం ఒక మాట మార్చుకోవడానికి సిద్ధపడ్డాడు. దేవుడే సత్యం అనే తన పాత మాటను 1931 నాటికే సత్యమే దేవుడు అని తిప్పి చెప్పుకున్న మనిషి కనుక, నాస్తికులు కూడా సత్యాన్ని కాదనలేరని ఎరిగిన మనిషి కనుక, అది ఆయనకు సాధ్యపడింది. మీ తల్లీకొడుకుల మధ్య కూడా అలాంటి చోటు ఒకటి ఉన్నది. అబద్ధం ఆడకూడదన్న దగ్గర మీ ఇద్దరిదీ ఒకే మాట.

అయితే మీ భయం వట్టి భ్రమ అని నేను అనడం లేదు. ఇక్కడ మీ అబ్బాయికి కూడా కొంత చెప్పాలి, ఈ భాగాన్ని అతని చేత చదివించండి. మతం మనిషికి నీతిని పుట్టించి ఇవ్వకపోవచ్చు. కానీ పుట్టిన నీతికి ఒక తిథినీ, ఒక కొలతనూ, పదిమంది తోడునూ ఇచ్చింది. దానం మంచిదని అందరికీ తెలుసు. ఎప్పుడు, ఎంత అన్న దగ్గర అందరం జారిపోతాం. ఏడాది పాటు నిలవ ఉన్న సొమ్ములో రెండున్నర శాతం జకాత్‌గా తీయాలని ముస్లిములకు లెక్క ఉన్నది. రాబడిలో పదోవంతు తీసిపెట్టే క్రైస్తవ కుటుంబాలు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. గురుద్వారాకు వెళితే ఎవరన్నది అడగకుండా నేల మీద పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెడతారు. మన ఇళ్ళలో సంక్రాంతికి హరిదాసు పాత్రలో బియ్యం పోయడం చంటిపిల్లల చేత చేయించేవారు. పిల్ల దోసిలి పట్టి గింజలు వంపేటప్పుడు దానికి వేదాంతం తెలియదు, ఇవ్వడం అనే పని చేతికి అలవాటవుతుంది. మనసుకు తోచినప్పుడు మంచి చేస్తానన్నవాడికి ఏడాదిలో ఎన్నిసార్లు తోస్తుందో ఎవరికి వారు లెక్క చూసుకోవాలి. గోరాగారు కూడా ఆ భోజనాలకు పున్నమినే పెట్టుకున్నారన్నది నాకు ఎప్పుడూ గుర్తుకు వస్తుంది.

కాబట్టి నాయనా, దీపం తీసేసిన చోట ఏం పెట్టావని మీ అమ్మగారు అడిగితే, ఆ ప్రశ్నకు జవాబివ్వవలసిన బాధ్యత నీది. దేవుడు లేడని చెప్పడంతో నీ పని తీరదు. పిల్ల కళ్ళెదుట నెలకు ఒక్కసారైనా తప్పకుండా ఇంట్లో జరిగే మంచిపని ఏమిటి? పనిమనిషి జ్వరంతో రాకపోతే ఆ రోజు జీతం కోయని ఇల్లేనా మీది? తప్పు చేసినప్పుడు పిల్ల ముందు నువ్వు ఎప్పుడైనా తప్పు ఒప్పుకున్నావా? మీ అమ్మ దేవుడి పేరు మీద నీకు అలవాటు చేసినవాటిని నువ్వు నీ కూతురికి ఏ పేరు మీదనైనా సరే, అలవాటు చేయాలి. ఊరికే వదిలేస్తే ఆ చోట చేరేది వివేకం కాదు. బజారు చేరుతుంది.

మళ్ళీ మీ దగ్గరికి వస్తున్నానమ్మా. మొదట పిల్లతో మాట్లాడండి. కళ్ళు పోవని, ఆ మాట మీరు కోపంలో అన్నారని, అది నిజం కాదని మీ నోటితోనే చెప్పండి. మీ గౌరవం తగ్గుతుందని సంకోచించకండి. అబద్ధం గురించి మీరు నేర్పదలచుకున్న పాఠం ఆ ఒక్క మాటతో సగం పూర్తవుతుంది. తరువాత ఆ డబ్బా ఎవరిదో ఆ పిల్ల గురించి అడగండి. ఆ అమ్మాయి ఎలా ఉంటుంది, ఎక్కడ కూర్చుంటుంది, డబ్బా పోయిన రోజున ఏం చేసింది? చెప్పనివ్వండి, మధ్యలో తీర్పు చెప్పకండి. ఏడేళ్ళ పిల్లకు ఆ మాత్రం ఊహ అందుతుంది. మీరు ఎంతోమంది పిల్లలను చూసినవారు, నాకన్నా మీకే బాగా తెలుసు. డబ్బా తిరిగి ఇవ్వడానికి పిల్లను ఒంటరిగా పంపకండి, టీచరు చేతికి ఇచ్చి అందరి ముందూ నిలబెట్టించకండి. మీరు వెంట వెళ్ళి, ఆ పిల్లకే ఇప్పించండి.

దేవుడి కథలు మానవద్దు. నమ్మకం లేని ఇల్లు కదా అని ధర్మరాజు కథను గానీ, శిబి చక్రవర్తి కథను గానీ పిల్లకు దూరం చేస్తే అది పిల్లకు అన్యాయం చేసినట్టే. నాయనమ్మ నమ్మకం నాయనమ్మది, నాన్న ఆలోచన నాన్నది అని పిల్లకు తెలిస్తే ముప్పేమీ లేదు. పిల్ల ఎదుట ఒకరి దారిని ఒకరు కించపరచకుండా ఉంటే చాలు. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్ళ మీద అశోకుడు చెక్కించిన శాసనాల్లో పన్నెండవది ఇదే చెబుతుంది. తన మతం మీది అభిమానంతో దాన్ని పొగుడుతూ ఎదుటివారిదాన్ని నిందించేవాడు తన మతానికే ఎక్కువ హాని చేస్తాడని, అందరూ నాలుకను అదుపులో ఉంచుకోవాలని ఆ శాసనం సారాంశం. మతానికి బదులు మతం లేకపోవడాన్ని పెట్టుకున్నా అదే వర్తిస్తుంది. మీ అబ్బాయి "లేనిపోని భయాలు" అని పిల్ల వినేలా అన్నదీ ఆ లెక్కలోకే వస్తుంది.

ఇక ఆబ్దికం. ఇష్టం లేని మంత్రాలు పలకమని అతన్ని బలవంతపెట్టకండి. మీ వారు బతికి ఉంటే కొడుకు చేత నమ్మని మాట పలికించడానికి ఇష్టపడేవారో లేదో మీకే తెలుస్తుంది. కర్తగా మరొకరిని కూర్చోబెట్టే వీలు ఉన్నదేమో మీ ఇంటి పురోహితుణ్ణి అడగండి. మీ అబ్బాయికి మాత్రం ఆ రోజు సెలవు లేదని గట్టిగా చెప్పండి. ఆఫీసుకు వెళ్ళడానికీ, గదిలో తలుపు వేసుకోవడానికీ వీల్లేదు. తెల్లవారుజామున లేచి మడికి నీళ్ళు పట్టడం, బజారు నుంచి సామాను తేవడం, భోక్తలకు విస్తళ్ళు వేయడం, మీరు వండినది తన చేతితో వడ్డించడం అతని పని. నమ్మకంతో పనిలేని పనులు ఇవన్నీ, తండ్రి మీద ప్రేమ ఉంటే చాలు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, తాతగారు ఎలాంటివారో, ఎవరికి ఏ సాయం చేశారో, ఎక్కడ పొరపాటు పడి ఎలా దిద్దుకున్నారో అతన్ని చెప్పమనండి. అతను మరచిన సంగతులు మీరు అందించండి.